ఒకటో తారీఖూ, ఎర్ర సిరా

"జీతం పడింది తాతయ్యా" అంది మొన్న మా మనవరాలు, కుడిచేత్తో అన్నం కలుపుకుంటూ, ఎడమచేత్తో ఫోను ఎత్తి నా మొహానికి చూపిస్తూ. పడటమేమిటే? వాన పడుతుంది, పిడుగు పడుతుంది, ముగ్గిన కాయ చెట్టు మీంచి పడుతుంది. జీతం పడటం మా రోజుల్లో వినలేదు. జీతం ఇచ్చేవాళ్ళు, మేం పుచ్చుకునేవాళ్ళం. ఇచ్చే చెయ్యి ఒకటి కళ్ళకి కనపడేది. ఈ మాటంటే, "ఏదైతేనేం, వచ్చింది కదా" అంది. అబ్బాయ్, నువ్వూ అదే అంటావు. మీ కాలంవాళ్ళంతా ఒకటే వరస. వస్తే చాలు మీకు. ఎంత రావాలి, ఎంత కోశారు, ఎందుకు కోశారు, ఆ ఆరా ఉండదు.

నేను 1976లో నందిగామలో ఎల్డీసీగా, అంటే లోయర్ డివిజన్ క్లర్కుగా చేరాను. రెవెన్యూ శాఖ. తరవాత్తరవాత ఎల్డీసీని జూనియర్ అసిస్టెంటన్నారు, యూడీసీని సీనియర్ అసిస్టెంటన్నారు. పేరు మారితే పని మారుతుందా? అదే బల్ల, అదే కుర్చీ, పొద్దున వచ్చిన తపాలాకి నంబరు వెయ్యడం, డిస్ట్రిబ్యూషన్ రిజిస్టర్లో ఎక్కించడం, పర్సనల్ రిజిస్టర్లో రాసుకోవడం, ఫైలు పుటప్ చెయ్యడం. మర్నాడు మళ్ళీ అదే. ముప్పై నాలుగేళ్ళు అదే చేశాను. విసుగు పుట్టలేదా అని నువ్వడగొచ్చు. పుట్టింది. కాని ఒకటో తారీఖు రాగానే పోయేది.

ఆ ఒకటో తారీఖు సంగతి చెప్పనీ. ఇరవయ్యో తారీఖు దాటగానే బిల్లు గుమాస్తా పేబిల్లు రాయడానికి కూర్చునేవాడు. బారెడు కాగితం. ఒక పక్క మూలవేతనం, డీఏ, ఇంటద్దె. ఇంకో పక్క కోతలు: జీపీఎఫ్, ఏపీజీఎల్ఐ, పండగ అడ్వాన్సు వాయిదా, సొసైటీ బాకీ. నిలువు కూడికా అడ్డం కూడికా ఒక్కచోట కలిసి తీరాలి. పది పైసలు తేడా వచ్చినా సబ్‌ట్రెజరీ నుంచి అబ్జెక్షను రాసి తిప్పి పంపేవాళ్ళు. ఆ బిల్లు పాసయి, టోకెను పుచ్చుకుని, బ్యాంకులో నగదు తీసుకుని గుడ్డసంచిలో తెచ్చేసరికి ఒకటో తారీఖు మధ్యాహ్నమయ్యేది. క్యాషియరు గారు బల్ల మీద నోట్ల కట్టలు పేర్చుకుని, పక్కన చిన్న గిన్నెలో తడి స్పంజి పెట్టుకుని పేర్లు పిలిచేవారు. అక్విటెన్స్ రోలులో మన పేరు ఎదురుగా ఇరవై పైసల రెవెన్యూ స్టాంపు నాలికతో తడిపి అంటించి, సంతకం సగం స్టాంపు మీద, సగం కాగితం మీద పడేట్టు పెట్టాలి. ఆ జిగురు రుచి నాకిప్పటికీ గుర్తే. మొదటి జీతం చేతికి మూడొందల ఇరవై చిల్లర వచ్చింది. ఒక పది రూపాయల నోటు కొత్తది కావాలని అడిగి తీసుకున్నాను, అమ్మ చేతిలో పెట్టడానికి. ఆ సాయంత్రం జగ్గయ్యపేట బస్సులో చొక్కా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆ రోలులో ఇంకో సుఖం ఉంది. పై వరసలో వాడికెంతొచ్చిందో, కింది వరసలో వాడికెంతొచ్చిందో సంతకం పెట్టేటప్పుడు కనపడుతుంది. బంట్రోతు దగ్గర్నుంచి హెడ్ క్లర్కు దాకా ఎవరి జీతమూ రహస్యం కాదు. నాకన్నా ఆరునెలల ముందు చేరినవాడికి ఇంక్రిమెంటు పడిందీ, నాకు పడలేదూ అంటే, ఎందుకు పడలేదో అక్కడికక్కడే అడిగేవాళ్ళం, అక్కడికక్కడే జవాబొచ్చేది. మా అల్లుడి తమ్ముడు హైదరాబాదులో కంపెనీ ఉద్యోగం. పక్క సీటువాడి జీతం అడగకూడదట వాళ్ళకి. అడిగితే తప్పట. పక్కవాడి కూలి ఎంతో తెలియని కూలీ పొలంలో ఎక్కడైనా ఉంటాడా, అబ్బాయ్? మన మెట్టలో మిరపకాయ కోతకొచ్చే ఆడకూలీలకి కూడా తెలుసు కదా, ఈ చేలో ఎంతిస్తున్నారో, గట్టు అవతల ఎంతిస్తున్నారో.

చాలేవాడివా ఆ మూడొందలతో అంటే, చాలేవాణ్ణి కాదు. ఇరవయ్యో తారీఖు నుంచీ కిరాణా కొట్టులో ఖాతానే. పిల్లల పుస్తకాలకి ఒకసారి, నాన్న వైద్యానికి ఇంకోసారి చేబదుళ్ళు. సరెండరు లీవు డబ్బులొస్తే తప్ప ఇంట్లో కొత్త బట్ట లేదు. అయినా రోజు మాత్రం తెలుసు. ఒకటో తారీఖంటే ఒకటో తారీఖే. 2018లో సీఎఫ్ఎంఎస్ అని కంప్యూటర్లో బిల్లులొచ్చాయి. పేబిల్లు రాసే గుమాస్తా అవసరం తగ్గింది, బారెడు కాగితం పోయింది. మంచిదే. కాని ఆ తరవాత 2021, 22 ప్రాంతాల్లో కొన్ని నెలలు నా పెన్షన్ వారం, పది రోజులు ఆలస్యంగా వచ్చింది. రోజూ పొద్దున్నే ఫోను తీసి చూసుకోవడం. ఎవరి బల్ల దగ్గరికెళ్ళి నిలబడాలి? బల్లే లేదు కదా.

నా అసలు బాధ జీతం గురించి కాదులే. ఎర్ర సిరా గురించి.

మా హెడ్ క్లర్కు గారు ఎర్ర సిరా పెన్ను జేబులో పెట్టుకుని తిరిగేవారు. పలచని మనిషి, తెల్ల పంచె, నల్ల గొడుగు. చేరిన రెండో నెలలో మునేటి ఒడ్డు రైతు ఒకాయన అర్జీ పెట్టాడు, వరదకి పొలం ఇసుక మేట వేసింది, శిస్తు రెమిషను ఇప్పించమని. అప్పటికే నాకు పదిహేను ఫైళ్ళు పేరుకున్నాయి. నాలుగు ముక్కల్లో "నిబంధనల ప్రకారం తిరస్కరించవచ్చు" అని నోటు రాసి పెట్టేశాను. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. నా నాలుగు ముక్కల చుట్టూ ఎర్ర సిరా. "ఏ నిబంధన? ఆర్‌.ఐ. రిపోర్టు చదివావా? పొలం చూశావా? ఇసుక ఎంత మందం వేసింది?" నాకు తల కొట్టేసినట్టయింది. మూడుసార్లు తిరగరాయించారు. మూడోసారి సైకిలేసుకుని ఆ పొలం చూసొచ్చాను. అది నా డ్యూటీ కాదు, రెవెన్యూ ఇన్‌స్పెక్టరుది, అంటే ఆర్‌.ఐ. డ్యూటీ. వెళ్ళాను, చేత్తో తవ్వి చూశాను, మూరెడు మేట. ఆ సంగతి నోటులో రాశాను. ఆయన ఈసారి ఒక్క అక్షరం దిద్దలేదు. కింద పొట్టి సంతకం పెట్టి పైకి పంపారు. నన్ను మెచ్చుకున్న మాట ఒక్కటీ అనలేదు. అక్కర్లేదు. నేను రాసింది ఆయన చదివారు. ప్రతి ముక్కా చదివారు. మేనేజిమెంటు అని మీరిప్పుడు పుస్తకాలు కొని చదువుకుంటున్నారే, నా మటుకు నాకు అదే మేనేజిమెంటు.

ఆయన వెళ్ళిపోయిన రోజు చెప్తాను. 1983 జనవరిలో ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం కొత్తగా వచ్చింది. వస్తూనే ఉద్యోగుల రిటైర్‌మెంటు వయసు 58 నుంచి 55కి దించారు. ఫిబ్రవరి 8న ఉత్తర్వు, అప్పటికే 55 నిండినవాళ్ళంతా 28 సాయంత్రానికి దిగిపోవాలి. ఇరవై రోజుల గడువు. మా హెడ్ క్లర్కు గారికి అప్పటికి 57 దాటింది. ఇంకో కూతురి పెళ్ళి ఉంది, జీపీఎఫ్‌లో అడ్వాన్సు తీసుకుని ఉన్నారు. 28న మధ్యాహ్నం దాకా ఫైళ్ళు చూశారు. చార్జి లిస్టు ఆయనే రాశారు, తప్పు లేకుండా. అయిదింటికి ఎర్ర పెన్నుకి మూత పెట్టి నా బల్ల మీద పెట్టి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. ఏమీ అనలేదు.

ఆ ఖాళీలు భర్తీ చేసినప్పుడే నాకు యూడీసీ ప్రమోషను వచ్చింది. ఏడేళ్ళు ఎదురుచూసిన ప్రమోషను. అకౌంట్ టెస్టు, రెవెన్యూ టెస్టులు రాత్రిళ్ళు లాంతరు దగ్గర చదివి ప్యాసయి, సర్వే ట్రైనింగులో గొలుసు లాగి, కాళ్ళు బొబ్బలెక్కించుకుని సంపాదించిన అర్హత అది. అయినా ఆ ఆర్డరు చేతికొచ్చినప్పుడు మనసులో ముల్లు గుచ్చుకున్నట్టుంది. ఆయన ఇంటికెళ్ళి చూపించడానికి వారం పట్టింది నాకు. "మంచిది, నోటు మాత్రం పొట్టిగా రాయి" అన్నారు. మరుసటేడు మళ్ళీ 58 చేశారు. అప్పటికి ఆయనకి 58 దాటిపోయింది.

చూడు, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడికొచ్చానో. ప్రమోషన్ల గురించి కదా. మీరనుకుంటారు, పాతకాలంలో అంతా ధర్మంగా జరిగిందని. జరగలేదు. నా సంగతే చెప్తాను, ఎక్కడ జరిగిందో మాత్రం అడక్కు. ఒకసారి సీనియారిటీ లిస్టు తయారుచేసినప్పుడు నేను టెస్టు ప్యాసయిన తేదీ తప్పు రాశారు. నా తరవాత ఏడాదిన్నరకి చేరినవాడు నా పైకెక్కి కూర్చున్నాడు. రిప్రజెంటేషన్ మీద రిప్రజెంటేషన్. మూడేళ్ళు. నా సర్వీసు రిజిస్టర్లో, అదే ఎస్సార్‌లో, తేదీ స్పష్టంగా ఉంది, గుండ్రటి ముద్రతో సహా. చివరికి ఒక పెద్దమనిషి ఎస్సార్ తెరిచి, వేలితో చూపించి, "ఇదుగో, ఇక్కడుంది కదయ్యా" అన్నాడు. అంతే, దిద్దారు. మూడేళ్ళు ఎందుకు పట్టిందంటే, అంతకు ముందు ఎవరూ ఆ పుస్తకం తెరవలేదు కనక.

అంటే పుస్తకమైతే ఉంది, ఎవరో ఒకరు తెరిస్తే చాలు. అదే నేననేది. ఎనిమిదేళ్ళు ఒకే కుర్చీలో ఉంటే స్పెషల్ గ్రేడు, పదహారేళ్ళకి ఒకటి, ఇరవై నాలుగుకి ఒకటి. 2010 పే రివిజన్, అదే పీఆర్సీలో, అది 6, 12, 18, 24 అయింది. ప్రమోషను ఇవ్వలేకపోయినా, వీడు ఇన్నేళ్ళుగా ఈ బల్ల దగ్గరే ఉన్నాడని ప్రభుత్వం ఒప్పుకున్నట్టు. ఆ లెక్కలన్నీ మాకు కంఠతా వచ్చేవి. పీఆర్సీ అంటే ఇంటిల్లిపాదికీ తెలుసు. 1986లో యాభై మూడు రోజులు సమ్మె చేశాం. జీతం లేదు. మా ఆవిడ నానుతాడు తాకట్టులోకి పోయింది, అది విడిపించేసరికి ఇంకో ఏడాది. ఒక్కనాడూ ఆవిడ నన్ను పనిలోకి పొమ్మనలేదు.

2022లో మా మనవరాలు వచ్చి, "తాతయ్యా, ఫిట్‌మెంట్ అంటే ఏంటి?" అంది. నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టయింది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు దాటిన పిల్ల! మధ్యంతర భృతి 27 శాతం తీసుకుంటూ ఉండి, కొత్త పీఆర్సీలో జీతం మీద కలిపే ఫిట్‌మెంటు 23 శాతమే అంటే ఏం పోతుందో కూర్చోబెట్టి కాగితం మీద చెప్పాను. విన్నది. ఫిబ్రవరి 3న ఉద్యోగులంతా చలో విజయవాడ అంటే బస్సులు ఆపుతున్నారన్నా వినకుండా స్నేహితురాలి స్కూటీ ఎక్కి వెళ్ళింది. సాయంత్రం గొంతు పోయి వచ్చింది. ఆ రోజు దాన్ని ఏమీ అనలేదు నేను.

అది గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు. 2019 అక్టోబరులో చేరింది, నెలకి పదిహేను వేలు. రెండేళ్ళు ప్రొబేషనన్నారు, స్కేలు వచ్చేసరికి 2022 జూలై అయింది. పొద్దున్నే మొహం ఫోనుకి చూపిస్తే హాజరు పడుతుంది. సిగ్నలు లేకపోతే ఆ ఊరి చెరువుకట్ట మీదికి పోయి చూపిస్తుంది. మొహం అదే, మనిషి అక్కడే ఉంది, కాని ఫోను ఒప్పుకోవాలి. ఆ తరవాత కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, పెన్షను అర్జీ, రేషను కార్డులో పేరు, మళ్ళీ కులం సర్టిఫికెట్టు. పేరు, ఆధారు, నొక్కు. పేరు, ఆధారు, నొక్కు. నేను చేసినదీ అదే కదా అనకు. నేను రాసిన దాన్ని ఒక మనిషి చదివాడు. దీని పని చదివేవాడెవరు? సాయంత్రం ఆరింటికి వాట్సాప్ గ్రూపులో ఒక పట్టిక వస్తుంది. పని మిగిలిన సచివాలయాల పేర్లకి ఎర్రరంగు. "మేం రెడ్‌లో ఉన్నాం తాతయ్యా" అని మొహం వేలాడేసుకుని వస్తుంది.

అక్కడా ఎరుపే. కాని ఆ ఎరుపు ఏం చెప్తుంది? వెనకపడ్డావని చెప్తుంది. ఎందుకు వెనకపడ్డావో అడగదు. పొలం చూశావా అనదు. ఎలా రాయాలో నేర్పదు. మా హెడ్ క్లర్కు గారి ఎర్ర సిరా చూసి ఏడ్చినవాళ్ళున్నారు, కాని ఆ ఏడుపులోంచి పని వచ్చింది. ఈ పిల్ల ఇన్నేళ్ళుగా పనిచేస్తోంది, నోటు ఎలా రాయాలో దానికి ఒక్కరూ చెప్పలేదు. దాని పై మెట్టు ఏదో కూడా చాలాకాలం దానికెవరూ తేల్చి చెప్పలేదు. మాకు నిచ్చెన నిటారుగా ఉండేది, ఎక్కడం కష్టం, కాని మెట్లు లెక్కపెట్టుకోవచ్చు: యూడీసీ, డిప్యూటీ తాసీల్దారు, అదృష్టముంటే తాసీల్దారు. నేను డిప్యూటీ తాసీల్దారుగా 2010లో దిగిపోయాను. చివర పెన్షను ఉంది. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరినవాళ్ళకి అదీ పోయింది. మూలవేతనం, డీఏల మీద పది శాతం కోసి ఎక్కడో పెడుతున్నారు. రేపు ఎంతొస్తుందో ముందే చెప్పగలవాడు లేడు.

నిజం చెప్పాలి కనక ఇదీ చెప్తాను. మా రోజుల్లో అడంగల్ నకలు కావాలంటే రైతు ఎన్నిసార్లు తిరిగేవాడో నాకు తెలుసు. జిల్లా ఆఫీసు పనంటే మన మెట్టనుంచి బందరు పోవాలి. తెల్లారగట్ల పేటలో బస్సెక్కి, బెజవాడలో ఇంకో బస్సు మారి, అక్కడికి చేరేసరికి భోజనాల వేళ. ఆఫీసరు లేకపోతే రాత్రికి అక్కడే సత్రం. ఇప్పుడు మా మనవరాలు బల్ల దగ్గర అదే నకలు పది నిమిషాల్లో వస్తుంది. మొన్నొకాయన, నా ఈడువాడు, కాగితం చేతిలో పట్టుకుని "అప్పుడే అయిపోయిందామ్మా?" అని రెండుసార్లు అడిగాడట. నేనా రైతుల్ని తిప్పినవాళ్ళలో ఒకణ్ణి. 2022 ఏప్రిల్ 4న జిల్లా పేరు మారి కలెక్టరాఫీసు బెజవాడలో పెడితే, పాత పేరు పోయిందని నెలరోజులు గొణిగాను. మెట్టవాళ్ళకి మేలే జరిగింది. అయినా గొణిగాను.

ఇంకో మాట కూడా వెనక్కి తీసుకోవాల్సొచ్చింది నేను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మమ్మల్ని మెట్టనుంచి అటు డ్యూటీ వేశారు. అక్కడ చూసినవి చెప్పను. ఆ తరవాత నలభై ఏళ్ళు మా ఇంట్లో పిల్లలకి నేను ఒకటే అనేవాణ్ణి, మీరు డ్యూటీ అంటే ఎరగరు అని. 2023 జూలై చివర్లో మునేరు పొంగింది. ఐతవరం దగ్గర హైదరాబాదు రోడ్డు మీదికి నీళ్ళొచ్చి లారీలు కిలోమీటర్ల పొడుగున ఆగిపోయాయి. మా పిల్ల మూడు రోజులు ఇంటికి రాలేదు. భోజనం పొట్లాలు, మందులు, ముసలాళ్ళని ట్రాక్టర్లెక్కించడం. నీళ్ళు తీశాక పొలాల లెక్కకి వీఆర్వోకి తోడుగా వేశారు. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద ఎండిపోయి ఉంది. పెరట్లో బకెట్టు పెట్టి నేనే నీళ్ళు పోశాను.

కాళ్ళు కడుక్కుంటూ ఉంటే అడిగాను, "మునేటి గట్టు పొలాలు చూశారా?"

"చూశాం తాతయ్యా. ఇసుక మేట."

"ఎంత మందం?"

"రెండు మూరలు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. అది రాసే గడి యాప్‌లో లేదు. పోతుందేమోనని నేను కాగితం మీద రాసుకున్నా" అని బ్యాగులోంచి తడిసిన నోట్‌బుక్కు తీసి ఇచ్చింది.

పొలం ఇసుక మందం రాసుకో అని దానికి నేను ఎప్పుడూ చెప్పలేదు. కళ్ళజోడు పెట్టుకుని ట్యూబులైటు కింద కూర్చున్నాను. నలభై మంది రైతుల పేర్లు, సర్వే నంబర్లు, పక్కన మూరల్లో మందం. దస్తూరి ఏమంత బాగాలేదు. రెండుచోట్ల సబ్ డివిజన్ వెయ్యలేదు, ఒకచోట విస్తీర్ణం కూడికలో తేడా ఉంది. ఎర్ర పెన్ను కోసం బల్ల సొరుగులు, బీరువా పై అర, మా ఆవిడ కుట్టుమిషను డబ్బా కూడా వెతికాను. దొరకలేదు. నీలం పెన్నుతోనే మూడుచోట్లా సున్నా చుట్టి, పక్కన "చూడు" అని రాసి, దాని దిండు పక్కన పెట్టాను.